నవల చదివేవేళ నాడి ఎందుకు వేగిరపడుతుంది?

తరగతిలో చివరి బల్ల దగ్గర ఒక విద్యార్థి కూర్చుని ఉంటాడు. ఎదుట సాంఘికశాస్త్ర పుస్తకం నిలబెట్టి ఉంటుంది. తల కదలదు. ఉపాధ్యాయుడు పేరు పెట్టి రెండుసార్లు పిలిచినా పలకడు. దగ్గరకు వెళ్ళి చూస్తే పెద్ద పుస్తకం చాటున చిన్న పుస్తకం, అందులో చీకటిలో పరుగెత్తుతున్న ఒక యువతి. ఈ దృశ్యం ఎరుగని ఉపాధ్యాయుడు లేడు. తన చదువుకునే రోజుల్లో ఈ అపరాధం చేయని ఉపాధ్యాయులు కూడ తక్కువే.

నవలను లాక్కుని సొరుగులో వేయటం తేలిక. అయితే వేయబోయే ముందు ఒక ప్రశ్న వేసుకోవచ్చు. నల్లబల్ల పావుగంట సేపు నిలపలేకపోయిన ధ్యాసను అట్ట ఊడిన ఆ పుస్తకం గంటసేపు ఎట్లా నిలిపింది? ఇది క్రమశిక్షణకు సంబంధించిన ప్రశ్నవలె కనిపిస్తుంది గాని, నిజానికి శరీరశాస్త్రానికీ మనశ్శాస్త్రానికీ సంబంధించినది. పైగా ఆ నవలలో ప్రేమ, ప్రాణభయం రెండూ కలిసి ఉంటే సంగతి మరింత ఆసక్తికరం.

మాట గాలిలో పోకుండా ఒక నవలను ముందు పెట్టుకుందాం. ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యం బోధించిన మేరీ స్టూవర్ట్ 1958లో ‘నైన్ కోచెస్ వెయిటింగ్’ అనే నవల ప్రచురించారు. ప్రేమనూ ఉత్కంఠనూ పెనవేసిన కథలకు దాన్ని మంచి ఉదాహరణగా చెప్పవచ్చు. కథానాయిక లిండా మార్టిన్. తల్లి ఫ్రెంచి వనిత, తండ్రి ఆంగ్లేయుడు. పారిస్‌లో బాల్యం గడిపి, తల్లిదండ్రులు పోయాక ఇంగ్లండులో అనాథ శరణాలయంలో పెరిగింది. ఫ్రాన్సులో సవోయ్ కొండల నడుమ ఉన్న వాల్మీ అనే పాతకాలపు భవంతిలో, తొమ్మిదేళ్ళ ఫిలిప్‌కు ఇంగ్లీషు చెప్పే పంతులమ్మగా కుదురుతుంది. ఆ ఆస్తికి వారసుడు ఆ పిల్లవాడే. వాడికి వయసు వచ్చేవరకు వ్యవహారాలు చూస్తున్నది పినతండ్రి లెయాన్. చక్రాల కుర్చీ విడిచి కదలలేడు గాని, ఇల్లంతా అతని గుప్పిట్లోనే ఉంటుంది. అతని కొడుకు రవూల్. లిండా మనసు రవూల్ మీదికి పోతుంది. ఇంతలో పిల్లవాడి ప్రాణానికి గండాలు మొదలవుతాయి. అడవిలో ఎవరో పేల్చిన తుపాకి గుండు వాడి పక్కనుంచి దూసుకుపోతుంది. ఇది ఆ ఇంటివారి పనేనా? అయితే తాను ప్రేమిస్తున్న మనిషికి కూడ అందులో చేయి ఉన్నదా? పుస్తకంలో సగం దాటిన తరువాత పాఠకుణ్ణి నిద్రపోనీయని ప్రశ్న ఇది ఒక్కటే.

ఇటువంటి పుస్తకాన్ని ‘పరుగులు పెట్టే నవల’ అంటాము. పరుగెత్తేది ఏమిటి? కళ్ళా?

కళ్ళు కావు. 1870ల చివర పారిస్‌లో ఎమిల్ జవాల్ అనే నేత్రవైద్యుడు, ఆయన సహచరులు ఒక వింతను బయటపెట్టారు. చదివేటప్పుడు మన చూపు పంక్తి వెంబడి నీరు పారినట్లు సాగదు. కప్పవలె గంతులు వేస్తుంది. ఒకచోట సుమారు పావు సెకను నిలుస్తుంది, అక్కడినుంచి సెకనులో 30వ వంతు కాలంలో మరొకచోటికి దుముకుతుంది. గంతులో ఉన్నంతసేపు మనకు అక్షరాలు స్పష్టంగా కనిపించవు. చదువు జరిగేది నిలిచినప్పుడే. ఇంత విలువైన సంగతి కనుగొన్న జవాల్ 1900 నాటికి నీటికాసుల వ్యాధితో రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. అంధుడైన తరువాత అంధుల కోసమే ఒక పుస్తకం రాశాడు.

ఇంగ్లీషు చదివేవారిని కొలిచి చూస్తే ఒక్కొక్క గంతు సగటున 7 నుంచి 9 అక్షరాల దూరం ఉంటున్నది. నూటికి 10 నుంచి 15 గంతులు వెనక్కి పడుతున్నవి. చూపు నిలిచిన చోటునుంచి ఎడమకు 3, 4 అక్షరాలు, కుడికి 14, 15 అక్షరాల మేరకు మాత్రమే పనికివచ్చే సమాచారం అందుతున్నదని 1975లో మెకాంకీ, రేనర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు మొదలుపెట్టిన ప్రయోగాలవల్ల తేలింది. కుడినుంచి ఎడమకు రాసే హీబ్రూ భాషలో ఈ పరిధి తిరగబడి ఎడమవైపు పెద్దదవుతుంది. అంటే ఇది కంటి నిర్మాణంలో ఉన్న గుణం కాదు, అలవాటువల్ల వచ్చిన నేర్పు. అక్షరం కింద అక్షరం ఒత్తుగా చేరే మన తెలుగు లిపికి ఈ అంకెలను యథాతథంగా అన్వయించరాదు. కాని గంతూ నిలకడా మనకూ ఉన్నవి. నమ్మకం లేనివారు ఒక దళసరి కాగితం మీద అచ్చుపుట అతికించి, నడుమ పెసరగింజంత రంధ్రం చేసి, ఆ పుట చదువుతున్న మిత్రుని కళ్ళను వెనుకనుంచి ఆ రంధ్రంలోగుండా చూడవచ్చు.

ఈ యంత్రానికి ఒక హద్దు ఉన్నది. కథ ఎంత పరుగెత్తినా నిలకడ కాలం పావు సెకను నుంచి పదో వంతుకు పడిపోదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్రిస్‌బర్ట్ 2019లో 190 పరిశోధనలను కలిపి లెక్క కట్టాడు. పెద్దవారు ఇంగ్లీషులో మనసులో చదువుకునేటప్పుడు శాస్త్ర, సమాచార గ్రంథాలయితే నిమిషానికి 238 మాటలు, కథలు నవలలు అయితే 260 మాటలు చదువుతున్నారు. తేడా 22 మాటలే. ఆ తేడాకు కూడ ప్రధాన కారణం ఉత్కంఠ కాదట. కథల్లో మాటలు పొట్టివి కావటమట! నవలను పరుగెత్తించే రచయితలు సంభాషణలు, చిన్న వాక్యాలు, పొట్టి పేరాలు వాడటం వట్టి అలవాటు కాదన్నమాట. చూపుకు దారి నున్న చేయటం అది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయం దక్షిణాఫ్రికా మనశ్శాస్త్రజ్ఞుడు విక్టర్ నెల్ 1988లో ప్రకటించాడు. వినోదానికి విరివిగా చదివేవారిని పిలిచి, వారు తెచ్చుకున్న పుస్తకాలనే చదివించి, పుటపుటకూ వేగం కొలిచాడు. తమకు అన్నిటికంటె నచ్చినవని వారు చెప్పిన పుటలను వారు మిగిలినవాటికంటె నెమ్మదిగా చదివారు. రుచి తెలిసినవాడు ఆవకాయ ముక్కను గబుక్కున మింగడు గదా. పుస్తకం పరుగెత్తుతున్నదని మనకు తోచే చోటనే మన చూపు తీరిక తీసుకుంటున్నది.

అయితే పరుగు ఎక్కడున్నది? తెలుసుకోవాలన్న ఆత్రంలో ఉన్నది. ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి తెలియదు అన్న లెక్కలో ఉన్నది. లిండా తనకు ఫ్రెంచి వచ్చునన్న సంగతి యజమానుల దగ్గర దాచిపెడుతుంది. ఆ గుట్టు మనకు తెలుసు. ఆ ఇంటివారికి తెలియదు. ఇక భోజనాల బల్ల దగ్గర ఎవరు ఏ మామూలు మాట ఫ్రెంచిలో అన్నా మన గుండె ఝల్లుమంటుంది. ఆమె ముఖంలో అర్థమైనట్లు కనిపిస్తుందేమో! చలనచిత్ర దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో సంభాషిస్తూ ఈ తేడాను బాంబు ఉదాహరణతో వివరించాడు. బల్ల కింద బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే కొద్ది క్షణాల ఆశ్చర్యం. ఉన్నదని ముందే చెప్పి, బల్ల దగ్గరివారిని ఊసుపోక కబుర్లు చెప్పుకోనిస్తే నిమిషాల తరబడి ఉత్కంఠ. సమాచారం తక్కువ కావటంవల్ల కాదు, ఒకింత ఎక్కువ కావటంవల్లనే ఊపిరి బిగబడుతుంది.

ఇక ప్రకరణం ముగిసే చోటు. మన వారపత్రికల్లో సీరియల్ చదివినవారికి ‘ఇంకా ఉంది’ అన్న రెండు మాటల శక్తి చెప్పనక్కరలేదు. దీన్ని గురించి 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే యువతి ఒక ప్రయోగం ప్రచురించింది. మధ్యలో ఆపివేసిన పనులు పూర్తిచేసిన పనులకంటె బాగా జ్ఞాపకం ఉంటాయని ఆమె తేల్చింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఈ ఫలితం తరువాతివారు మళ్ళీ మళ్ళీ చేసి చూసినప్పుడు నిలకడగా రాలేదు. కాని ఆమె సహాధ్యాయిని మరియా ఒవ్సియాంకినా 1928లో చూపిన మరొక ఫలితం గట్టిగా నిలిచింది: మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనిషి తనంతట తాను మళ్ళీ అందుకుంటాడు. నవలాకారుడికి కావలసింది ఈ రెండోదే. ప్రకరణం చివర లిండా చేయి తలుపు గడియ మీద ఉండగా ఆపితే, మనం పుట తిప్పుతాము.

ఇంతవరకు మనసు సంగతి. ఇప్పుడు శరీరం వైపు చూద్దాం.

భయం కలిగినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుందో హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ 1915లో ఒక గ్రంథంలో విశదం చేశాడు. మూత్రపిండాలమీద టోపీలవలె కూర్చుని ఉండే ఎడ్రినల్ గ్రంథులు రక్తంలోకి ఎడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, కాలేయంనుంచి చక్కెర రక్తంలోకి వస్తుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పోరాడటానికి గాని పారిపోవటానికి గాని ఇదంతా సన్నాహం. పడకకుర్చీలో పడుకుని నవల చదివేవాడు పోరాడనూ పోరాడడు, పారిపోనూ పారిపోడు. అయినా, కొద్దిపాటిగానైనా, ఆ సన్నాహం అతనిలోనూ జరుగుతుంది. కళ్ళు మూసుకుని ఊరక కూర్చున్నప్పటికంటె ఇష్టమైన పుస్తకం చదివేటప్పుడు శరీరం ఎక్కువ చురుకుగా ఉన్నదనీ, చదవటం ఆపగానే ఆ చురుకు చప్పున దిగిందనీ నెల్ తన కొలతల్లో చూశాడు. రాత్రి పుస్తకం మూయగానే హాయిగా నిద్ర పట్టేవారి రహస్యం బహుశా ఈ దిగుడులోనే ఉన్నది. మూయలేనివారి సంగతి వేరు.

పేరు పెట్టి పిలిచినా విద్యార్థి ఎందుకు పలకలేదో కూడ కొంత తెలిసింది. 2015లో అమెరికాలోని జార్జియాలో మాథ్యూ బెజ్‌డెక్, ఎరిక్ షూమాకర్ మొదలైనవారు మెదడు పనిని చూపే యంత్రంలో మనుషులను పడుకోబెట్టి ఉత్కంఠభరితమైన సినిమా ఘట్టాలు చూపించారు. బొమ్మ చుట్టూ అంచుల్లో గళ్ళ నమూనా మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ప్రమాదం ముదిరినకొద్దీ ఆ అంచులను గ్రహించే మెదడు భాగంలో పని తగ్గింది, నడిమి బొమ్మను గ్రహించే భాగంలో హెచ్చింది. ప్రమాదం తగ్గగానే చూపు మళ్ళీ విశాలమైంది. ఇది సినిమాతో చేసిన ప్రయోగం, పుస్తకంతో కాదు. అయినా చివరి బల్ల కుర్రవాడిది పొగరు కాదనుకోవటానికి కొంత ఆధారం దొరికింది.

ప్రేమ సంగతి ఇంకా ఎత్తుకోలేదు. అసలు రుచి అక్కడ ఉన్నది.

మేరీ స్టూవర్ట్ తన నాయికకూ రవూల్‌కూ పరిచయం ఎట్లా కల్పించిందో చూడండి. పూలతోటలో కాదు, విందులో కాదు. పొద్దుగూకేవేళ వంతెనమీద నడిచివస్తున్న లిండా మీదికి అతని కారు దూసుకువస్తుంది. వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పుతుంది. కాళ్ళు వణుకుతూ ఉండగా ఆమె అతని ముఖం మొదటిసారి చూస్తుంది. రచయిత్రికి ఏ ప్రయోగశాలా ఈ కిటుకు నేర్పలేదు. శాస్త్రజ్ఞులు ఆ వంతెన దగ్గరకు చేరటానికి మరి 16 సంవత్సరాలు పట్టింది.

అదీ వంతెనే కావటం విశేషం. కెనడాలో వాంకూవర్ దగ్గర కపిలానో అనే నది లోయమీద తీగలతో వేలాడే వంతెన ఉన్నది. పొడవు 450 అడుగులు, వెడల్పు 5 అడుగులు, కింద 230 అడుగుల లోతున రాళ్ళు. నడిస్తే ఊగుతుంది. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు ఆ వంతెనమీద ఒక యువతిని నిలబెట్టారు. దాటుతున్న యువకులను ఆపి, ఒక బొమ్మ చూపి, దానిమీద చిన్న కథ రాయమనటం ఆమె పని. తరువాత, వివరాలు కావాలంటే మాట్లాడమని తన టెలిఫోను నెంబరు ఇస్తుంది. నదికి ఎగువన తక్కువ ఎత్తులో ఉన్న గట్టి చెక్క వంతెనమీద కూడ ఇదే పని చేసింది. గట్టి వంతెనమీద నెంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరు ఫోను చేశారు. ఊగే వంతెనమీద తీసుకున్న 18 మందిలో 9 మంది చేశారు. వారు రాసిన కథల్లో కూడ శృంగారచ్ఛాయ ఎక్కువ.

గుండె దడదడలాడుతున్నది, ఎదుట ఒక యువతి ఉన్నది, దడకు కారణం ఆమే అని మనసు లెక్క కట్టింది. ఊగే వంతెనను దాటేవారు స్వభావతః సాహసికులేమో, అందుకే ఫోను చేశారేమో అని మీరు ఆక్షేపించవచ్చు. పరిశోధకులకూ ఆ అనుమానం వచ్చింది. అదే వంతెన దాటి, పది నిమిషాలకు మించి సేదదీరినవారిని వేరుగా ప్రశ్నింపజేశారు. వారిలో ఫోను చేసినవారు తక్కువ. సాహసం తగ్గలేదు, దడ తగ్గింది. పరిశోధకుల లెక్క ఎంతవరకు సరి అన్నదానిమీద తరువాత వాదోపవాదాలు జరిగిన మాట నిజం. కాని ఒక ఉద్రేకపు శేషం తరువాతి ఉద్రేకాన్ని పెంచుతుందన్న సంగతిని డాల్ఫ్ జిల్‌మన్ 1971లోనే ప్రయోగశాలలో చూపి ఉన్నాడు. నాడుల్లో సంకేతం క్షణంలో పోతుంది. రక్తంలో కలిసిన హార్మోను నిమిషాలు గడిస్తేగాని పోదు. మనసు పుట తిప్పినంత త్వరగా రక్తం పుట తిప్పదు.

నవలలో జరిగేది ఇదే. తుపాకి గుండు తప్పిపోయిన పుటలో పెరిగిన దడ, రవూల్ ఎదురుపడే పుటకు మిగిలి ఉంటుంది. ఆ ప్రేమ ఘట్టాన్ని విడిగా చింపి చదివితే చప్పగా ఉండవచ్చు. భయం తరువాత చదివితే తీపి. అటుపైన, అతన్ని నమ్మవచ్చునా అన్న అనుమానంతో ఆ తీపి మళ్ళీ భయమవుతుంది. రెండు రసాలకు శరీరంలో ఒకటే పొయ్యి. ఏ గిన్నె ఎప్పుడు ఎక్కించాలో ఎరిగిన రచయితలే ఈ తరహా నవలల్లో నెగ్గుకొస్తారు.

ముగింపు తెలిసినవాడికి ఈ దడ ఉండకూడదు గదా? కాని ఉంటుంది. హరికథ వినటానికి వచ్చినవారందరికీ హనుమంతుడు సముద్రం దాటుతాడని తెలుసు. అయినా సురస నోరు తెరిచే చోట సభ నిశ్శబ్దమవుతుంది. రిచర్డ్ గెరిగ్ 1989లో దీన్ని ప్రయోగానికి పెట్టాడు. జార్జి వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడయ్యాడని తెలిసినవారే, ఆయన ఆ పదవిని నిరాకరించబోయినట్లు ఉత్కంఠగా రాసిన చిన్న కథ చదివిన వెంటనే, ‘వాషింగ్టన్ అధ్యక్షుడయ్యాడు’ అన్న వాక్యాన్ని సరి అని చెప్పటానికి ఎక్కువసేపు తీసుకున్నారు. కథలో మునిగినవాడు తనకు తెలిసినదాన్ని గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి వస్తున్నాడు.

తిరిగి ఉపాధ్యాయుని సొరుగు దగ్గరకు వద్దాం. ఇటువంటి నవలలు చదివితే పిల్లలు చెడిపోతారన్న భయం కొత్తది కాదు. విల్కీ కాలిన్స్ ‘ది ఉమన్ ఇన్ వైట్’ 1859, 60లలో వారం వారం వెలువడిన తరువాత, అటువంటి కథలు బుద్ధితో కాక నరాలతో మాట్లాడుతున్నవని 1860లలో ఇంగ్లండు పండితులు గట్టిగానే మందలించారు. నరాలతో మాట్లాడుతున్నవన్న మాట సత్యమే, పైన చూశాము. బుద్ధితో మాట్లాడటం లేదన్నది సందేహాస్పదం. టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో కాట్రినా ఫాంగ్, రేమండ్ మార్ మొదలైనవారు 2013లో ఏ రకం నవలలు చదివేవారు ఎదుటివారి మనసును ఎంత బాగా కనిపెట్టగలరో పరీక్షించారు. రచయితల పేర్ల పట్టికలో దొంగ పేర్లు కలిపి, ఎవరు ఎంత చదివారో తేల్చారు. కళ్ళు మాత్రమే కనిపించే ఛాయాచిత్రాలు చూపి, ఆ మనిషి భావం చెప్పమన్నారు. అన్ని రకాలలోకి ప్రేమనవలలకే ఈ నేర్పుతో గట్టి సంబంధం కనిపించింది. సంబంధం అన్నాను గాని కారణం అనలేదు. మనుషుల్ని చదవగలిగినవారే అటువంటి నవలలను ఇష్టపడుతూ ఉండవచ్చు. ఏమైనా, లిండా రవూల్ ముఖంలో నిజాన్ని వెతికే పుటలు చదివేవాడు చేస్తున్న పని అదే: అరకొర ఆధారాలతో ఒక మనిషిని అంచనా వేయటం.

గుర్తుంచుకోవలసిన మరొక సంగతి ఉన్నది. చూపు నిలకడలు తగ్గేదీ, వెనుకగంతులు తగ్గేదీ చదవగా చదవగానే. అందుకు వేలకొద్ది పుటలు కావాలి. పాఠ్యపుస్తకం ఒక్కటే అన్ని పుటలు ఇవ్వదు. పాఠం జరిగేటప్పుడు నవల తప్పే, నేనూ లాక్కుంటాను. బడి విడిచేటప్పుడు తిరిగి ఇచ్చివేస్తాను.

ఉన్నత పాఠశాల తరగతిలో చేయదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. ఉత్కంఠ గల కథ ఒకటి, అంతే పొడవు గల వర్ణన వ్యాసం ఒకటి ఎంచండి. విద్యార్థులను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఒకరు మనసులో చదువుతూ ఉంటే రెండోవారు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అరనిమిషపు లెక్కలు కాగితంమీద వేస్తారు. చదవటానికి ముందు, చదువుతూ ఉండగా రెండుసార్లు, ముగిసిన వెంటనే, ఐదు నిమిషాల తరువాత మళ్ళీ. సగం మందికి కథ ముందు, సగం మందికి వ్యాసం ముందు ఇవ్వాలి. లేకపోతే మెట్లెక్కి వచ్చిన ఆయాసం కథ ఖాతాలో పడుతుంది. తేడా కొద్దిగానే ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. అందువల్ల తరగతి మొత్తానికి సగటు తీయటం అవసరం. పట్టికలో అంకెలు మాత్రమే రాయించండి. ఎవరి గుండె ఏ పంక్తి దగ్గర వేగిరపడిందో పేర్లతోసహా నల్లబల్ల మీద పెట్టనక్కరలేదు.